చెంపన చేయి

(యువ కథకుల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం ‘కథల్లో కౌమారం: శరీరం చెప్పే సంగతులు’. పేరు కాస్త పెద్దదే. నేను అందులోంచి ఒక ముక్కనే తీసుకుంటాను. పద్నాలుగు, పదిహేనేళ్ళ పాత్ర ఒకటి ఉంది. దాని మనసు బాగాలేదు. ఆ సంగతి నోటితో చెప్పదు. చెప్పడానికి మాటలు తెలియవు, తెలిసినా వినేవాళ్ళు లేరు. అప్పుడు రచయిత ఆ పిల్ల చేతులకూ కాళ్ళకూ ఏ పని అప్పజెప్పాడు అన్నది ఒక ప్రశ్న. ఆ పనిని చుట్టూ ఉన్నవాళ్ళు ఏమని అనుకున్నారు అన్నది రెండో ప్రశ్న. నాకు రెండోదే ముఖ్యం. మొదటిది మనవాళ్ళకు బాగానే అలవాటైంది. రెండోదాన్ని తరచు వదిలేస్తున్నాం, కథలు అక్కడే చప్పబడుతున్నాయి.

మన ఇళ్ళలో పెద్దవాళ్ళ మందలింపులు గుర్తు చేసుకోండి. కూర్చుని కాళ్ళు ఊపకూడదు, దరిద్రం. గోళ్ళు కొరకకూడదు, అదీ దరిద్రమే. గడప మీద కూర్చోకూడదు. చెంపన చేయి పెట్టుకుని కూర్చోకూడదు, కూర్చుంటే ‘ఎవరు పోయారని ఆ కూర్చోవడం?’ అంటారు. ఈ ఆఖరి మందలింపులో చాలా తెలివి ఉంది. చెంపన చేయి దుఃఖానికి గుర్తని ఆ ముసలమ్మకు మనకన్నా బాగా తెలుసు. తెలుసు కాబట్టే తీసేయమంటుంది. పిల్ల చేయి తీసేస్తుంది. ఇంటికి పట్టబోయిన అశుభం తప్పిపోయింది. పిల్లకు ఏమైందని మాత్రం ఎవరూ అడగరు.

ఈ చెంపన చేయి మన సాహిత్యంలో చాలా పాతది. కాళిదాసు శాకుంతలం నాలుగో అంకం చూడండి. దుష్యంతుడు రాజధానికి వెళ్ళిపోయాడు. చెలికత్తెలు ఇద్దరూ పూలు కోస్తున్నారు. తెర వెనక నుంచి దుర్వాసుడి గొంతు వినిపిస్తుంది: అతిథిని అవమానించావు కనుక ఇదుగో శాపం. ప్రియంవద పరుగెత్తి వెళ్ళి బతిమాలుకుంటుంది, ఎలాగో శాపానికి ఒక విమోచన మార్గం సంపాదించుకొస్తుంది. వాళ్ళు తిరిగి వచ్చి చూసేసరికి శకుంతల ఎడమ చేతిలో ముఖం ఆనించుకుని, గీసిన బొమ్మలాగా కూర్చుని ఉంటుంది. ముని రావడం తెలియదు, శాపం పెట్టడం తెలియదు, పోవడమూ తెలియదు.

దుర్వాసుడికి ఆ పిల్ల స్థితి అర్థం కాలేదని అనుకుంటాం. అర్థమైంది. ‘ఎవరిని తలుచుకుంటూ నన్ను గమనించలేదో, అతడే నిన్ను మరిచిపోతాడు’ అన్నది శాపం. అంటే ఆమె మనసు ఎక్కడుందో ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు. పట్టుకుని కూడా దాన్ని తనకు జరిగిన అమర్యాద కిందే జమ కట్టాడు. అదే భంగిమను చెలికత్తెలు చూస్తే వాళ్ళకు జాలి కలిగింది, శాపం సంగతి ఆమెకు చెప్పకుండా దాచాలని నిర్ణయించుకున్నారు. భంగిమ ఒకటే, చూసినవాళ్ళు ఇద్దరు రకాలు. నాటకంలో తర్వాత జరిగే కష్టమంతా ఈ తేడాలోంచి పుట్టింది. కోపిష్ఠి ముని కథగా దీన్ని చిన్నప్పటినుంచి వింటున్నాం. నేను మాత్రం దీన్ని ఇంటికి వచ్చిన పెద్దమనిషికి లేచి నమస్కారం పెట్టని పిల్ల కథగా చదువుకుంటాను. అలాంటి పిల్ల ఉన్న ఇళ్ళు ఇవాళా చాలా ఉన్నాయి.

మన లాక్షణికులు శరీరం మాట్లాడే తీరును వివరంగానే లెక్కపెట్టారు. స్తంభం (కదలకుండా నిలిచిపోవడం), స్వేదం (చెమట), రోమాంచం (గగుర్పాటు), స్వరభేదం (గొంతు మారడం), వేపథువు (వణుకు), వైవర్ణ్యం (ముఖం రంగు మారడం), అశ్రువు (కన్నీరు), ప్రళయం (స్పృహ తప్పడం) అని సాత్త్విక భావాలు ఎనిమిది. ఇవన్నీ ఆ క్షణానికి సంబంధించినవి. భయం వేసింది, వణుకు వచ్చింది. భయం పోయింది, వణుకూ పోయింది. పైగా వీటి అర్థం రంగస్థలం ముందు కూర్చున్న అందరికీ ఒక్కటే. అలవాటు సంగతి వేరు. అది రోజూ జరుగుతుంది, కారణం కళ్ళ ముందు లేనప్పుడు కూడా జరుగుతుంది. చేసేవాడికే తాను చేస్తున్నానని తెలియదు. చూసేవాళ్ళలో ఒక్కొక్కరు ఒక్కో అర్థం తీస్తారు. ఆధునిక కథకు దొరికిన కొత్త సరుకు ఇదే అని నా అభిప్రాయం.

రవీంద్రనాథ్ ఠాగూర్ 1892లో రాసిన ‘ఛుటి’ కథ మీలో చాలామంది ఏదో ఒక పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. ఫటిక్ అనే పల్లెటూరి కుర్రాడు. తండ్రి లేడు. ఊరి పిల్లలకు నాయకుడు. కథ మొదట్లోనే ఏటి ఒడ్డున పడి ఉన్న పెద్ద దుంగను దొర్లించుకుపోదామని పథకం వేస్తాడు. తమ్ముడు మఖన్ వచ్చి దాని మీద కూర్చుంటాడు. తమ్ముడితో సహా దుంగను దొర్లించేస్తారు. తమ్ముడు ఏడుస్తూ ఇంటికి పోతాడు. ఇల్లు చేరగానే తన పని పడుతుందని ఫటిక్‌కు తెలుసు. అప్పుడు ఏం చేస్తాడు? నాలుగు రెల్లు కాడలు పీక్కుని, సగం మునిగిన పడవ కొన మీదికెక్కి కూర్చుని, రెల్లు మొదళ్ళు నములుతుంటాడు. అంతలో ఒక పడవ ఆగి, అందులోంచి దిగిన పెద్దమనిషి చక్రవర్తి వాళ్ళ ఇల్లు, అంటే ఫటిక్ వాళ్ళ ఇల్లే, ఎక్కడని అడుగుతాడు. ‘అదుగో అక్కడ’ అంటాడు ఫటిక్. ఏ దిక్కో తెలియదు. మళ్ళీ అడిగితే తనకు తెలియదంటాడు. నమలడం మాత్రం ఆపడు. ఆ వచ్చినవాడు సొంత మేనమామ అని తర్వాత తెలుస్తుంది.

ఆ రెల్లు నమలడం దిగులా, పొగరా, బద్ధకమా? ఠాగూర్ చెప్పడు. మూడూ కావచ్చు. నాకైతే అందులో ఒక దర్జా కనిపిస్తుంది. ఏరు వాడిది, పడవ వాడిది, రెల్లు వాడిది.

మేనమామ వాణ్ణి చదువు కోసం కలకత్తా తీసుకుపోతాడు. వెళ్ళే సంబరంలో గాలం, గాలిపటం, దారపుచుట్ట అన్నీ తమ్ముడికి శాశ్వతంగా ఇచ్చేస్తాడు. అక్కడికి వెళ్ళాక ఆ ఒంట్లో ఏం మారిందో చూడండి. బళ్ళో ప్రశ్న అడిగితే నోరు తెరుచుకుని చూస్తూ ఉంటాడు. కొడితే బరువు మోసి అలసిన గాడిదలాగా చప్పుడు చేయకుండా పడతాడు అని ఠాగూరే రాశాడు. ఆటల వేళ కిటికీ దగ్గర నిలబడి దూరపు మిద్దెలను చూస్తుంటాడు. ఏ మిద్దె మీదైనా పిల్లలు ఆడుతూ కనిపిస్తే మనసు విలవిల్లాడుతుంది. ఊళ్ళో ఉన్నప్పుడు వాడు ఈత కొట్టేవాడు, గాలిపటం ఎగరేసేవాడు, సొంతంగా కట్టుకున్న రాగాలు పెద్ద గొంతుతో పాడుకుంటూ తిరిగేవాడు. ఆ అలవాట్లన్నీ ఒక్కొక్కటిగా రాలిపోయాయి. వాటి స్థానంలో కొత్త అలవాటు ఏదీ పెద్దగా రాలేదు. దీన్ని మీరు గట్టిగా పట్టుకోవాలి. బాధలో ఉన్న పిల్లకు ఏదో ఒక వింత అలవాటు అంటగట్టాలని కొత్త రచయితకు తొందర. ఠాగూర్ ఇవ్వలేదు, ఉన్నవి తీసేశాడు. మొదటి పేజీలో ఆ రెల్లు కాడలు లేకపోతే కలకత్తా కిటికీకి అంత బరువు ఉండేది కాదు.

ఇంకో సంగతి ఉంది. దాన్ని చాలామంది దాటేస్తారు. అత్త, అంటే ఆ మేనమామ భార్య, ఎప్పుడైనా ఒక పని చెబితే ఫటిక్ పొంగిపోయి అవసరమైనదానికన్నా ఎక్కువ చేసేసేవాడు. ఆవిడ ‘చాల్లే, వెళ్ళి చదువుకో’ అని ఆ ఉత్సాహం మీద నీళ్ళు చల్లేది. ఒక మెచ్చుకోలు కోసం కుర్రాడి ఒళ్ళు పడే ఆత్రం అది. ఆవిడకు అది తలనొప్పి. పుస్తకం పోగొట్టుకున్నానని చెబితే, నెలకు అయిదుసార్లు పుస్తకాలు కొనిపెట్టడం నావల్ల కాదంటుంది. ఆవిడ రాక్షసి కాదు. సొంత కొడుకులు ముగ్గురు ఉన్న ఇల్లు. దాని మీద పదమూడేళ్ళ పల్లెటూరి పిల్లవాడొకడు వచ్చి పడ్డాడు. ఆ వయసు పిల్లవాడు లోకానికి ఎంత బెడదో ఠాగూర్ కథ మధ్యలో ఆగి మరీ చెప్తాడు: ముద్దుగా మాట్లాడితే వెర్రి వేషాలంటారు, పెద్దగా మాట్లాడితే ముదురు మాటలంటారు, ఊరికే మాట్లాడినా అధికప్రసంగమే. అత్త ఈ మాటలకు అచ్చమైన ఉదాహరణ. ఆమెను తిట్టాలనిపించదు. కథకు ఆ బలం అందుకే వచ్చింది.

చివర్లో వాడు జ్వరంతో ఇల్లు వదిలి, వానలో తడిసి, పోలీసులు తీసుకొస్తే వణుకుతూ వస్తాడు. సంధి ప్రేలాపనలో ఓడ కళాసుల పాట పాడతాడు, నీటి లోతు కొలుస్తూ ‘లోతు అందలేదు’ అనే పాట. ఇక్కడ ఒళ్ళు అంతా బయటికే మాట్లాడుతోంది, ఇక ఎవరూ పొరబడడానికి లేదు. మేనమామ ఎత్తుకుని లోపలికి తీసుకుపోతాడు. అంత దూరం వస్తే తప్ప ఎవరికీ కనబడలేదన్నమాట.

ఇప్పుడు అమెరికా పోదాం. జె.డి. శాలింజర్ నవల ‘ద క్యాచర్ ఇన్ ద రై’ 1951లో వచ్చింది. హోల్డెన్ కాల్‌ఫీల్డ్‌కు పదహారేళ్ళు. బడి నుంచి వెళ్ళగొట్టారు, క్రిస్మస్ సెలవులకు ముందే న్యూయార్క్‌లో ఒంటరిగా తిరుగుతున్నాడు. ఈ కుర్రాడి ఒంటి నిండా అలవాట్లే. సిగరెట్టు మీద సిగరెట్టు. కాస్త పరుగెత్తితే ఆయాసం. ఎర్రటి వేటగాళ్ళ టోపీ, దాని అంచు వెనక్కి తిప్పి పెట్టుకోవడం. ఎత్తు ఆరడుగుల రెండున్నర అంగుళాలు, తలకు కుడివైపు నిండా నెరిసిన వెంట్రుకలు. పెద్దవాడి ఒడ్డూ పొడుగూ, ఒక్కోసారి పదమూడేళ్ళవాడి చేష్టలు. ఎవరైనా కొట్టాక, లేదా బాగా తాగాక, పొట్టలో తుపాకి గుండు తగిలినట్టు చేయి అడ్డం పెట్టుకుని నటిస్తాడు. తన బాధను నటనగా తప్ప బయట పెట్టడం వాడికి రాదు.

వీటన్నిటికన్నా నాకు ముఖ్యమైనది వాడి కుడి చేయి. తమ్ముడు ఆలీ 1946 జూలై 18న రక్త క్యాన్సర్‌తో చనిపోయాడు. అప్పుడు హోల్డెన్‌కు పదమూడేళ్ళు. ఆ రాత్రి గ్యారేజీలో పడుకున్నాడు, అక్కడి కిటికీ అద్దాలన్నీ పిడికిలితో గుద్ది పగలగొట్టాడు. ఎందుకురా అంటే ఊరికేనే అంటాడు. పిచ్చి పనే అని ఒప్పుకుంటాడు. మీకు ఆలీ తెలియదు కదా, అని కూడా అంటాడు. ఇంట్లోవాళ్ళు వాణ్ణి మానసిక వైద్యుడికి చూపించాలనుకున్నారు. అద్దాలు పగలగొట్టడం వాళ్ళకు కనిపించింది. చేయి విరిగింది, అతికింది. వాన పడితే ఇప్పటికీ నొప్పి. పిడికిలి మాత్రం గట్టిగా బిగుసుకోదు.

ఈ ముక్కను శాలింజర్ మనకు ఎప్పుడు చెప్తాడో చూడండి. గదిలో తోడుండే స్ట్రాడ్‌లేటర్ కోసం హోల్డెన్ ఒక వ్యాసం రాస్తున్నాడు. ఆలీ బేస్‌బాల్ చేతి తొడుగు గురించి రాస్తున్నాడు, దాని మీద ఆకుపచ్చ సిరాతో పద్యాలు రాసి ఉంటాయి. మధ్యలో చేయి సంగతి చెప్పేసి ముందుకు పోతాడు. కాసేపటికి స్ట్రాడ్‌లేటర్ తిరిగి వస్తాడు. ఒక గదినో ఇంటినో వర్ణించమంటే తొడుగు గురించి రాస్తావా, ఏదీ సరిగ్గా చేయవు అని విసుక్కుంటాడు. హోల్డెన్ ఇష్టపడిన జేన్ అనే అమ్మాయిని అతను ఆ సాయంత్రం బయటికి తీసుకువెళ్ళి వచ్చాడు. హోల్డెన్ అతని మీద చేయి ఎత్తుతాడు. దెబ్బ సరిగ్గా పడదు. పిడికిలి బిగుసుకోదు కదా. అంతే, ఇంకో వ్యాఖ్యానం లేదు. తమ్ముడి చావు మూడేళ్ళ తర్వాత కూడా వాడి పిడికిట్లో ఉంది. ‘హోల్డెన్ ఇంకా తమ్ముణ్ణి మరవలేకపోయాడు’ అని రాసి ఉంటే ఆ నవలను ఇవాళ నేనిక్కడ ప్రస్తావించేవాణ్ణి కాదు.

తన ఒంటిని తాను చదువుకోలేని ఈ కుర్రాడు ఎదుటివాళ్ళను మాత్రం అద్భుతంగా చదువుతాడు. జేన్ చెకర్స్ అనే గళ్ళ పలక ఆట ఆడేటప్పుడు రాజు పావులను వెనక వరుసలోనే పెట్టుకుంటుంది, కదపదు. వాటితో గెలవాలని కాదు, అక్కడ వరుసగా కనిపిస్తే ఆమెకు బాగుంటుందని వాడు గమనించాడు. ఒకసారి వరండాలో ఆడుతుంటే ఆమె సవతి తండ్రి వచ్చి సిగరెట్లు ఎక్కడున్నాయని అడిగాడు. ఆమె తల ఎత్తదు, జవాబివ్వదు. అతను లోపలికి పోయాక పలక మీద, ఎర్రటి గడిలో, ఒక కన్నీటి చుక్క పడుతుంది. దాన్ని వేలితో రుద్ది పలకలోకే ఇంకించేస్తుంది. హోల్డెన్ లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంటాడు. సవతి తండ్రికి అందులో ఒక మొండిపిల్ల కనిపించి ఉంటుంది, కుర్రాడికి ఇంకేదో కనిపించింది. కాళిదాసు చెలికత్తెలు ఈ వరండాలో ఉన్నా ఇలాగే లేచి వెళ్ళేవాళ్ళు.

హోల్డెన్ వంతు వచ్చినప్పుడు అలా చూసింది ఒక్కతే, పదేళ్ళ చెల్లెలు ఫీబీ. అన్న అనుకున్న రోజు కన్నా ముందే ఇంటికి వచ్చాడన్న ఒక్క ముక్కతో బడి నుంచి వెళ్ళగొట్టారని కనిపెట్టేస్తుంది. తర్వాత తలగడ ముఖం మీద కప్పుకుని మాట్లాడదు. ఎర్ర టోపీ అన్న నెత్తి నుంచి ఆమెకు వెళ్ళి, చివర్లో ఆమె చేతుల మీదుగా మళ్ళీ అన్న నెత్తికి వస్తుంది. ఆలీకీ ఫీబీకీ ఎర్ర జుట్టని గుర్తుంచుకుని చదవండి. శాలింజర్ ఆ రెంటికీ ముడి వేయడు, వేసి ఉంటే నాకు నచ్చేది కాదు.

లారీ హాల్స్ ఆండర్సన్ ‘స్పీక్’ నవల 1999లో వచ్చింది. అందులో మెలిండా అనే పద్నాలుగేళ్ళ అమ్మాయి మీద ఒక విందులో అత్యాచారం జరిగింది. ఎవరికీ చెప్పుకోలేదు. పెదవులు కొరికి కొరికి పుండ్లు చేసుకుంటుంది. బడిలో వాడకుండా వదిలేసిన ఒక చిన్న గదిలో దాక్కుని, అక్కడి అద్దాన్ని కప్పేస్తుంది. మాట రానురాను తగ్గిపోతుంది. బడివాళ్ళ లెక్కలో ఇది మార్కులు పడిపోవడం, తరగతులు ఎగ్గొట్టడం. వాళ్ళ దగ్గరున్న కాగితాల్లో ఇంకో గడి లేదు. మెలిండా పెదవుల గురించి ఎక్కువ చెప్పను. పేరే చెప్తోంది నవల ఎటు పోతుందో.

ఇప్పుడు మన కథల దగ్గరికి వస్తాను, కొంచెం చేదుగా మాట్లాడితే క్షమించండి. పోటీలకు వచ్చే కథలు చదివే పని నాకు అప్పుడప్పుడు పడుతుంది. మనోవేదనలో ఉన్న అమ్మాయి గోళ్ళు కొరుకుతుంది. లేదా చున్నీ అంచు వేలికి చుట్టుకుంటుంది. అబ్బాయి గోడను గుద్దుతాడు. పాత కథల్లో సిగ్గుపడే అమ్మాయి కాలి బొటనవేలితో నేల మీద సున్నాలు చుట్టేది. ఇప్పుడు నేలంతా టైల్స్ అయ్యాయి కాబట్టి ఆ బాధ తప్పింది. ఇవన్నీ చేతులు మారి మారి అరిగిపోయిన నాణేలు. అందులోనూ గోళ్ళు కొరికిన మరుక్షణమే రచయిత ‘ఆమెలోని అలజడికి అది సంకేతం’ అని తేల్చేస్తాడు. ఇంక పాఠకుడికి ఏం పని?

ఈ మధ్య ఇంకో జబ్బు పట్టుకుంది. మనస్తత్వశాస్త్రం మీద నాలుగు వ్యాసాలు చదివి లక్షణాల జాబితా అంతా ఒకే పిల్ల మీద దింపుతున్నారు. గోళ్ళు కొరికే పిల్లల్లో చాలామందికి ఏ బాధా ఉండదు, తోచక కొరుకుతారు. వైద్యుడు లక్షణం నుంచి జబ్బు పేరుకు వెళ్తాడు, అది ఆయన వృత్తి. కథకుడు అటు వెళ్ళక్కర్లేదు. ఆ లక్షణాన్ని ఇంట్లో నాయనమ్మ ఏమంది, తండ్రి ఏమన్నాడు, ట్యూషన్ మాస్టారు ఏమన్నాడు, పక్కింటి ఆరేళ్ళ బుడ్డోడు ఏమని అడిగాడు, అటు వెళ్ళాలి.

ఒక పని ఇస్తాను, ఇష్టమున్నవాళ్ళు రాయండి. ఇంటర్ చదువుతున్న అబ్బాయి. జేఈఈయో నీట్టో, మీ ఇష్టం. హాస్టల్లో వేశారు. దసరాకు ఇంటికి వచ్చాడు. అన్నం గబగబా తినేస్తున్నాడు, పళ్ళెంలో మెతుకు మిగల్చడు. తిన్న పళ్ళెం తానే కడుగుతున్నాడు. దుప్పటి నాలుగు అంచులూ కలిపి మడుస్తున్నాడు. గది తలుపు ఎవరు తెరిచినా, అమ్మ మంచినీళ్ళు తెచ్చినా సరే, లేచి నిలబడుతున్నాడు. ఎన్ని మార్కులు వచ్చాయని ఎవరూ అడగకముందే చెప్తున్నాడు.

ఇందులో గోళ్ళు కొరకడం లేదు, గోడ గుద్దడం లేదు. తల్లిదండ్రులకు అభ్యంతరమైనది ఒక్కటీ లేదు. పైగా సంతోషం. వీడికి రెండేళ్ళ క్రితం చెడ్డీ కూడా అమ్మే మడతపెట్టేది. ఇప్పుడు ఎంత పద్ధతి నేర్చుకున్నాడో చూడండని పక్కింటివాళ్ళకు చెప్తారు. హాస్టలు ఫీజు దండగ కాలేదంటారు. పొగరుగా కనిపించే బాధను ఎవరో ఒకరు తిట్టడానికైనా గమనిస్తారు. మర్యాదగా కనిపించే బాధను అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకున్నకొద్దీ అది గట్టిపడుతుంది. అత్త చెప్పిన చిన్న పనికి పది పనులు చేసే ఫటిక్‌ను ఒకసారి తలుచుకోండి. వాడికి ఆ మెచ్చుకోలు దొరకలేదు. మన అబ్బాయికి పుష్కలంగా దొరుకుతోంది. రెంటిలో ఏది రాయడం కష్టమో రాస్తే తెలుస్తుంది.

షరతులు మూడే. తల్లిని చెడ్డదాన్ని చేయకూడదు. ఆమె కష్టపడి ఫీజు కట్టింది, కొడుకు బాగుపడ్డాడని నిజంగానే నమ్ముతోంది. హాస్టల్లో ఏం జరిగిందో ఒక్క వాక్యం కూడా చెప్పకూడదు. వాడు లేచి నిలబడుతున్నాడని గమనించేవాళ్ళు ఒకరు ఉండాలి, ఆ ఒకరు పెద్దవాళ్ళు కాకూడదు. చెల్లెలైనా సరే, పాలు పోయడానికి వచ్చే కుర్రాడైనా సరే. వాడు గమనించి ఏం చేస్తాడన్నది మీకే వదిలేస్తున్నాను. ఏమీ చేయకపోయినా నాకు అభ్యంతరం లేదు.

భోజనాల తర్వాత రెండున్నరకు మళ్ళీ ఇక్కడే కలుద్దాం. కథలు వెంట తెచ్చుకున్నవాళ్ళు ముందు వరుసలో కూర్చోండి. గోళ్ళు కొరికే అమ్మాయి ఉన్న కథలు ఉంటే వాటినే ముందు చదువుదాం.